నాణేనికి మార్కులు వేసేదెవరు?

సూరత్ నుంచి హజీరా వెళ్ళే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. ఒకప్పుడు పల్లె. ఇప్పుడు ఒక పక్క పరిశ్రమలు, ఇంకో పక్క వజ్రాల వ్యాపారులు కట్టుకున్న పార్కు. మా చిన్నాన్న కొడుకు అక్కడే అద్దె ఇంట్లో ఉంటాడు. వాళ్ళ తాత మగ్గం పని కోసం కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డాడు. ఆ నగరంలో ఇలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మునిసిపాలిటీ వాళ్ళు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపారంటే వాళ్ళ సంఖ్య ఊహించుకోవచ్చు.

క్రితంసారి నేను వెళ్ళినప్పుడు తమ్ముడు ఒక పాత రేకు డబ్బా తెచ్చి నా ముందు గుమ్మరించాడు. మొత్తం 37 నాణేలు. తాత దాచినవి.

"అన్నా, పిల్ల ఇంజనీరింగు ఫీజు కట్టాలె. ఇవి అమ్ముదామనుకుంటున్న. ముందు అమెరికా పంపి గ్రేడింగు చేయించుమంటున్నరు. చేయిస్తే పదింతల ధర పలుకుతదట. నిజమేనా?"

నేను నాణేల నిపుణుణ్ణి కాను. కానీ "నిజమేనా?" అని ఎవరైనా అడిగితే ఊరుకోలేని జబ్బు హేతువాదులందరికీ ఉన్నట్టే నాకూ ఉంది. ఆ ప్రశ్న వెంట పడితే ఎక్కడెక్కడికో వెళ్ళాల్సి వచ్చింది. మొగలుల టంకశాల, మన కర్నూలు వజ్రాల గని, ఒక అమెరికన్ మనస్తత్వవేత్త, ఒక బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న సిగరెట్టు కార్డు. అన్నిటినీ కలిపే ప్రశ్న ఒకటే. ఒక వస్తువు విలువ ఇంత అని చెప్పేవాడి మాటను మనం ఎందుకు నమ్మాలి?

గ్రేడింగు అంటే

తెలియనివారి కోసం రెండు మాటలు. పాత నాణేన్నో, కార్డునో ఒక కంపెనీకి పంపితే వాళ్ళు అది అసలుదా నకిలీదా అని చూస్తారు. అసలుదైతే ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి మార్కులు వేస్తారు. నాణేలకు 1 నుంచి 70 దాకా, కార్డులకు 1 నుంచి 10 దాకా. తర్వాత దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మూసి, మార్కులు రాసిన చీటీతో తిరిగి పంపుతారు. అమెరికాలో నాణేలకు పి.సి.జి.ఎస్. 1986లో, ఎన్.జి.సి. 1987లో వచ్చాయి. కార్డులకు పి.ఎస్.ఏ. 1991లో వచ్చింది. అదే నాణెం, అదే కార్డు. పెట్టెలోకి వెళ్ళాక చాలాసార్లు ధర పెరుగుతుంది. ఒక్క మార్కు తేడాతో ధర రెట్టింపైన సందర్భాలు ఉన్నాయి.

మనకు కొత్తగా కనిపించే ఈ వ్యవహారం సూరత్‌కు కొత్తది కాదు.

పాతబడితే నష్టం

అక్బరు 1573లో సూరత్‌ను పట్టుకున్నాడు. ఆ తర్వాత అది మొగలుల ప్రధాన రేవుగా ఎదిగింది. విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన వెండి సూరత్ టంకశాలలో రూపాయిగా మారి దేశమంతా తిరిగేది. ఆ టంకశాలకూ బజారుకూ మధ్య కూర్చున్నవాడు సరాఫు. అతని పని నాణేన్ని చూసి, తూచి, మోగించి, గీటురాయి మీద గీసి విలువ చెప్పడం. అంతకు చాలా ముందే అర్థశాస్త్రంలో ఇలాంటి ఉద్యోగి ఉన్నాడు. అతని పేరు రూపదర్శకుడు. నాణేల పరీక్షే అతని ఉద్యోగం.

మొగలుల కాలపు సరాఫు వేసిన మార్కులు వింతగా ఉంటాయి. ఈ ఏడు ముద్రించిన రూపాయి సిక్కా. దానికి పూర్తి విలువ. ఏడాదో రెండేళ్ళో గడిచిన రూపాయి చలనీ. దానికి కొంత కోత. పోయిన రాజు కాలం నాటి రూపాయికి ఇంకా కోత. ఈ కోతను బట్టా అనేవారు. నాణెం ఇంచుమించు అరగకపోయినా, దాని మీద ఉన్న సంవత్సరాన్ని చూసే కోత వేసేవారు. పదిహేడో శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ సంగతి రాసి ఫిర్యాదు చేశాడు.

ఇప్పుడు తలకిందులు చేసి చూడండి. అదే ఊళ్ళో, అదే వెండి రూపాయి. అప్పుడు పాతదైతే విలువ తగ్గేది. ఇప్పుడు పాతదైతే విలువ పెరుగుతోంది. వెండి మారలేదు, బరువు మారలేదు. మారింది మనుషుల ఒప్పందం. విలువ వస్తువులోనే దాగి ఉంటుందని నమ్మేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇంకో తమాషా ఉంది. సరాఫులు అనుమానం వచ్చిన రూపాయి మీద చిన్న గాటు పెట్టి లోపల రాగి ఉందేమో చూసేవారు. బాగుందని తేలితే తమ గుర్తు పొడిచేవారు. ఆ గుర్తే ఆనాటి సర్టిఫికెట్టు. ఈనాటి గ్రేడింగులో ఆ గుర్తునే దెబ్బగా లెక్కించి మార్కులు తగ్గిస్తారు. ఒక కాలపు రుజువు ఇంకో కాలపు లోపం.

తమ్ముడి డబ్బాలో మూడు రూపాయిల మీద పారసీ లిపి ఉంది. ఒక దాని మీద సరాఫు గాటు కూడా ఉంది. లిపి చదవగలిగిన మిత్రుడికి ఫొటో పంపితే జవాబు వచ్చింది. సూరత్ రూపాయిలు, షా ఆలం పేరు, హిజ్రీ 1215, పాలనా సంవత్సరం 46. షా ఆలం గద్దెనెక్కింది హిజ్రీ 1173లో. కాబట్టి 46వ ఏడు 1218 దగ్గరికి రావాలి, 1215కి కాదు. రెండు అంకెలకూ పొంతన లేదు. అలాగని నకిలీ అనుకోకూడదు. ఈస్టిండియా కంపెనీ 1800లో సూరత్ పాలనను పూర్తిగా తన చేతిలోకి తీసుకున్నాక కూడా జనం నమ్మిన పాత రూపాన్నే కొనసాగించింది. సంవత్సరాలను అలాగే బిగించేసింది. షా ఆలం 1806లో పోయాడు. అయినా చాలా ఏళ్ళపాటు, బొంబాయిలో యంత్రాలతో ముద్రించిన రూపాయిల మీద కూడా, చనిపోయిన ఆ పాదుషా పేరూ సూరత్ పేరూ ఉన్నాయి. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చేదాకా ఇలాంటి వేషాలు నడిచాయి.

విక్టోరియా రూపాయిలదీ ఇదే కథ. 1862 అని ఉన్న రూపాయి 1862లోనే ముద్రించింది కాకపోవచ్చు. 1873 దాకా అదే సంవత్సరాన్ని వేశారు. నాణెం మీద రాసి ఉంది కదా అని నమ్మడం, గ్రంథంలో రాసి ఉంది కదా అని నమ్మడం లాంటిదే.

రామళ్ళకోట కుర్రాళ్ళు

ఇచ్ఛాపూర్‌లో వజ్రాల పార్కు పక్క నుంచి వెళుతున్నప్పుడు నాకు మన సీమ గుర్తొచ్చింది. ఇవాళ వజ్రాలు సానబట్టడానికి ప్రపంచంలో సూరత్ పేరు చెబుతారు. కానీ వజ్రం అంటే ఒకప్పుడు కృష్ణా తీరపు కొల్లూరు, కర్నూలు వైపు గనులు. రావులకొండ అనే గని గురించి టావెర్నియే రాశాడు. దాన్ని రామళ్ళకోటగా గుర్తించారు. అక్కడ ఆయన చూసిన ఒక దృశ్యం గ్రేడింగు చరిత్రలో అన్నిటికంటే గొప్పదని నా అభిప్రాయం.

ఉదయాన్నే వర్తకుల పిల్లలు, పదీ పదిహేనేళ్ళ కుర్రాళ్ళు, ఒక చెట్టు కింద కూర్చునేవారు. ఒక్కొక్కడి దగ్గర తూనిక రాళ్ళ సంచి ఒకటి, వరహాల సంచి ఒకటి. ఎవరైనా వజ్రం అమ్మకానికి తెస్తే అందరిలో పెద్దవాడి చేతిలో పెట్టేవాడు. వాడు చూసి, మాట్లాడకుండా పక్కవాడికి ఇచ్చేవాడు. అలా ఒక్క మాట లేకుండా అందరి చేతులూ తిరిగి రాయి మళ్ళీ పెద్దవాడి దగ్గరికి వచ్చేది. అప్పుడు బేరం. ఎక్కువ ధర పెట్టి కొంటే నష్టం ఆ కొన్నవాడిదే.

రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఒకడి అభిప్రాయం ఇంకొకడికి తెలియదు. పెద్దవాడు ముందే "అబ్బో, మంచి రాయి" అంటే మిగతావాళ్ళు తలూపేవారు. ఆ అవకాశం లేకుండా మౌనం. మందుల పరీక్షల్లో ఏ రోగికి ఏది ఇచ్చారో వైద్యుడికి తెలియనివ్వకపోవడం వెనక ఉన్న సూత్రానికి ఇది దగ్గరి చుట్టం. రెండోది, తీర్పు చెప్పేవాడి సొంత డబ్బు పణంలో ఉంది. తప్పు చెబితే తనకే దెబ్బ.

దీనికి పూర్తి వ్యతిరేకం మన సంస్కృత రత్నశాస్త్ర గ్రంథాలు. వాటిలో మంచి పరిశీలన లేదని కాదు. బరువు పెరిగే కొద్దీ ధర అంతకంటే వేగంగా పెరుగుతుందని వాళ్ళకు తెలుసు. కానీ దాని పక్కనే ఏం రాశారు? తెల్ల వజ్రం బ్రాహ్మణుడికి, ఎర్రనిది క్షత్రియుడికి, పసుపు పచ్చనిది వైశ్యుడికి, నల్లనిది శూద్రుడికి. రాతికి కూడా వర్ణం అంటగట్టారు. లోపం ఉన్న రాయిని పెట్టుకుంటే కుటుంబానికి కీడు అన్నారు. తక్కెడతో తేలిన నిజమూ, తక్కెడకు అందని భయమూ ఒకే పేజీలో కలిసి ఉన్నాయి. ఏది ఏదో విడదీయడం చదివేవాడి బాధ్యత. ఇవాళ జాతిరత్నాల దుకాణాల్లో ఆ రెండో భాగమే ఎక్కువ అమ్ముడవుతోంది.

అంత శాస్త్రీయంగా కనిపించే ఆధునిక వజ్రాల గ్రేడింగు కూడా మనుషుల చేతుల్లోనే ఉంది. అమెరికా రత్నశాస్త్ర సంస్థ జి.ఐ.ఏ. 1950లలో ఇప్పుడు లోకమంతా వాడే రంగుల కొలబద్ద తెచ్చింది. అంతకు ముందు వ్యాపారులు ఏ, బి, సి అంటూ ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడి ఆ అక్షరాలను పాడుచేశారు. అందుకే కొత్త కొలబద్ద డి అక్షరంతో మొదలైంది. అదే సంస్థ 2005లో తన న్యూయార్క్ ప్రయోగశాలలో జరిగిన అవకతవకలపై విచారణ జరిపి నలుగురు ఉద్యోగులను తొలగించింది. తప్పు బయటపడినప్పుడు ఒప్పుకుని దిద్దుకుంది. అది మెచ్చుకోవాలి. కానీ సర్టిఫికెట్టు దైవవాక్కు కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

డెబ్భై మార్కుల పుట్టుక

నాణేనికి 70 మార్కులేమిటి? నూటికి కదా వేయాలి? అని తమ్ముడి కూతురు అడిగింది. మంచి ప్రశ్న. దీని జవాబు హేతువాదులు తప్పక తెలుసుకోవాలి.

విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తకు పాత అమెరికన్ సెంట్ల మీద పిచ్చి. 1949లో వాటి మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక సూత్రం చెప్పాడు. బాగా అరిగి, గుర్తుపట్టడానికి మాత్రమే వీలైన నాణేనికి 1. అన్నిటికంటే మేలైనదానికి 70. ఎందుకంటే ఆనాటి బజారులో మేలైన నాణెం ధర అరిగిన నాణెం ధరకు సుమారు 70 రెట్లు ఉంది. అంతే. 70 అన్నది ప్రకృతి నియమం కాదు, ఒకనాటి ధరల పట్టిక. కొన్నేళ్ళకే మేలైన నాణేల ధరలు ఎగబాకి ఆ సూత్రం కూలిపోయింది. కానీ అంకె మిగిలింది. 1970లలో అమెరికా నాణేల సంఘం దాన్ని ప్రమాణంగా తీసుకుంది. ఇవాళ ప్రపంచమంతా నాణేలకు ఆ కొలబద్దతోనే మార్కులు వేస్తోంది. కారణం చచ్చిపోయి ఆచారం మాత్రం బతకడం మనకు కొత్తా?

షెల్డన్ కథ అక్కడితో అయిపోలేదు. ఆయన మనుషులకు కూడా మార్కులు వేశాడు. శరీరాకృతిని మూడు రకాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి 1 నుంచి 7 దాకా అంకెలు ఇచ్చి, ఒళ్ళు చూసి గుణం చెప్పవచ్చన్నాడు. మన హస్త సాముద్రికానికి ప్రయోగశాల కోటు తొడిగినట్టు. అందుకోసం పేరున్న అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల నగ్న ఫొటోలు వాడుకున్నాడు. ఆ సిద్ధాంతాన్ని శాస్త్రలోకం ఇప్పుడు పట్టించుకోదు. 1977లో ఆయన పోయాక ఇంకో నిజం బయటపడింది. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భద్రపరచిన మేలైన సెంట్లను తీసుకుని వాటి స్థానంలో తన తక్కువ రకం నాణేలను పెట్టాడు. ఆ తగాదా 1990లలో కాలిఫోర్నియా కోర్టులకు ఎక్కింది.

కొలబద్ద చేసినవాడు దొంగ కాబట్టి కొలబద్ద తప్పు అని నేను అనడం లేదు. అలా అంటే అది తర్కదోషం. మాట చెప్పినవాడి శీలం వేరు, మాట నిజం వేరు. అయితే కొలబద్దను దాని సొంత పరీక్షతో నిలబెట్టాలి కానీ దానికి ఉన్న పేరుతో కాదు.

మొట్టమొదటి సర్టిఫికెట్టు

ఇక బేస్‌బాల్ కార్డు సంగతి. 1909–11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్టు పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మల కార్డులు పెట్టింది. మన దగ్గర అగ్గిపెట్టె బొమ్మలు దాచుకున్నట్టు అక్కడి పిల్లలు వాటిని దాచుకున్నారు. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డులు చాలా తక్కువగా బయటికి వచ్చాయి. అందుకే వాటికి విపరీతమైన ధర.

అందులో ఒక కార్డు అంచులు పదునుగా, కొత్తదానిలా ఉండేది. 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి వేలంలో దాన్ని 4,51,000 డాలర్లకు కొన్నారు. అదే ఏడు పుట్టిన పి.ఎస్.ఏ. దానికి 10కి 8 మార్కులు వేసింది. ఆ సంస్థ ఇచ్చిన మొట్టమొదటి సర్టిఫికెట్టు, నంబరు 1, దానికే. ఆ ప్రచారంతో గ్రేడింగు వ్యాపారం పుంజుకుంది. 2007లో ఆ కార్డు 28 లక్షల డాలర్లకు చేతులు మారింది.

ఆ కార్డు అంచులు కత్తిరించారని కొందరు మొదటి నుంచీ అనుమానపడుతూనే ఉన్నారు. 2013లో ఆ కార్డును ఒకప్పుడు కొని అమ్మిన వేలందారు బిల్ మాస్ట్రో ఇంకో మోసం కేసులో నేరం ఒప్పుకుంటూ, దాని అంచులు తానే కత్తిరించానని అంగీకరించాడు. కత్తిరించిన కార్డుకు మార్కులు వేయకూడదన్నది గ్రేడింగులో ప్రాథమిక నియమం. ఆ నియమం మొదటి సర్టిఫికెట్టులోనే తప్పింది.

ఒకటి మాత్రం ఆలోచించండి. 2021లో, 2022లో ఇదే ఆటగాడి వేరే కార్డులు, 3 మార్కులూ 2 మార్కులూ వచ్చినవి, 66 లక్షల డాలర్లకు ఒకటి, 72 లక్షల 50 వేల డాలర్లకు ఒకటి అమ్ముడయ్యాయి. నలిగినవే. కానీ నలిగినట్టే నిజంగా ఉన్నాయి.

అయితే గ్రేడింగంతా మోసమేనా?

కాదు. ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ఒక తప్పు దొరికింది కదా అని మొత్తం కొట్టిపారేయడం హేతువాదం కాదు, అది ఇంకో రకం మూఢత్వం.

1970లో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల అమ్మకం మీద ఒక వ్యాసం రాశాడు. తర్వాత 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పింది ఇది. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు చెడ్డదయ్యే ప్రమాదాన్ని ముందే కోసుకుని తక్కువ ధర ఇస్తాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు. చివరికి బజారులో చెడ్డ కార్లే మిగులుతాయి. నమ్మదగిన మూడో మనిషి ఉంటే ఈ చిక్కు తీరుతుంది. గ్రేడింగు చేసే మంచి పని అదే. నకిలీలను ఏరడంలో అది చాలామందిని కాపాడింది. తాము పొరబడితే నష్టపరిహారం ఇస్తామని పెద్ద సంస్థలు షరతులతో హామీ కూడా ఇస్తాయి.

అయితే రామళ్ళకోట కుర్రాడికీ ఈ మూడో మనిషికీ తేడా ఉంది. వీడు కొనడు, రుసుము తీసుకుంటాడు. కార్డు విలువ ఎక్కువ తేలితే రుసుమూ పెరిగే పద్ధతి ఉంది. పైగా నచ్చని మార్కులు వస్తే పెట్టె పగలగొట్టి మళ్ళీ పంపేవారు ఉన్నారు. ఎందుకు పంపుతారు? రెండోసారి వేరే మార్కులు రావచ్చని వాళ్ళకు అనుభవం కాబట్టి. అదే వస్తువుకు అదే కొలబద్ద వేర్వేరు అంకెలు చూపిస్తే, ఆ తేడా ఎంతో తెలియకుండా ఒక్క మార్కుకు లక్షలు పెట్టడం తెలివైన పని కాదు. పెట్టెలకు కూడా నకిలీలు వచ్చాయి.

అబ్రహాం కోవూర్ 1963లో అతీంద్రియ శక్తులున్నవారికి విసిరిన సవాలు మనందరికీ తెలుసు. మూసిపెట్టిన కరెన్సీ నోటు నంబరు చెప్పగలరా అన్నది అందులో ఒకటి. ఆ సవాలులోని అందం ఏమిటంటే, కవరు విప్పితే నిజం ఎవరికైనా కనిపిస్తుంది. గ్రేడింగుకు కూడా అలాంటి సవాలు కావాలి. నూరు నాణేలు, చీటీలు తీసేసి, రెండుసార్లు పంపి, ఎన్నిటికి అవే మార్కులు వచ్చాయో బయటి మనుషులు లెక్కపెట్టాలి.

చట్టం, చింతపండు

ఇక తమ్ముడి డబ్బాకు వద్దాం. "అమెరికా పంపుమంటున్నరు" అన్నది మొదటే కొట్టుకుపోయింది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. సలహా ఇచ్చినవాడు ఈ మాట చెప్పలేదు. దేశంలోనే, చట్టం ఒప్పుకున్న దారిలో పరీక్ష చేయించుకోవడం ఒక్కటే మార్గం.

రెండోది చింతపండు. మన ఇళ్ళలో వెండి నాణేలను ఏటా లక్ష్మీపూజకు చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెడతాం. తమ్ముడి ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా దీపావళికి అదే జరిగింది. సేకరించేవారికి కావలసింది కాలం పూసిన ఆ నల్లటి పొర. తోమిన నాణెం తళతళలాడుతుంది కానీ గ్రేడింగులో "శుభ్రపరిచినది" అన్న ముద్ర పడుతుంది, మార్కులు రావు. కాసుల పేరుకు కొక్కెం అతికించి తీసిన నాణేనికీ అదే గతి. భక్తి ఖరీదు ఇంత కచ్చితంగా లెక్కకు రావడం అరుదు. అయితే తాత వాటిని దాచింది వేలం కోసం కాదు కదా. ఆ ఇంటి ఆడవాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

లెక్క

లెక్క ఎలా వేయాలో చూద్దాం. ఇవి ఊహించిన అంకెలు. మీ నాణేనికి మీ అంకెలు వేసుకోండి. విడిగా అమ్మితే 2,500 వచ్చే నాణెం. గ్రేడింగుకు, పంపడానికి 3,000 ఖర్చు. పదింటిలో ఒకటికి గొప్ప మార్కులు వచ్చి 12,000 పలుకుతుంది. నాలుగు మామూలు మార్కులతో 4,000 చొప్పున. అయిదు "శుభ్రపరిచినవి" అయి 2,000 చొప్పున. సగటున 1,200 + 1,600 + 1,000 = 3,800. ఖర్చు తీసేస్తే 800. అంటే 2,500 వచ్చేచోట 800 మిగిలింది.

ఇంకో నాణెం. అసలుదైతే లక్ష. కానీ అనుమానం వల్ల కొనేవాడు 30,000 మాత్రమే ఇస్తానంటున్నాడు. అది అసలుదవడానికి పదింట ఆరు పాళ్ళు అవకాశం ఉందని మీ అంచనా. గ్రేడింగు చేయిస్తే సగటున 60,000. ఖర్చు పోను 57,000. ఇక్కడ చేయించాలి.

సూత్రం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. అనుమానం వల్ల పోయే డబ్బు పరీక్షకయ్యే ఖర్చు కంటే ఎక్కువైతేనే పరీక్ష. "పదింతలు పలికింది" అన్నవాడు గెలిచిన ఆ ఒక్కడి కథే చెబుతాడు. మొక్కు తీరినవాడు గుడికొచ్చి చెబుతాడు, తీరనివాడు రాడు. ఇది అదే.

డబ్బాలో 22 బ్రిటిషు రూపాయిలు, 11 నిజాం చార్మినారు రూపాయిలు. అన్నీ 1940కి ముందువే, అన్నీ తోమినవే, దొరకనివేం కావు. వాటికి సర్టిఫికెట్టు అక్కర్లేదు, తక్కెడ చాలు. బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీసి తూస్తే సుమారు 1.13 గ్రాములు తగ్గాలి. ఇత్తడి నకిలీ అయితే అంతకంటే స్పష్టంగా ఎక్కువ తగ్గుతుంది. ఆర్కిమెడీస్ నాటి పరీక్ష ఇది. తమ్ముడి కూతురే పక్క వీధి కంసాలి దగ్గర చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ అడిగి తెచ్చి, 22 నాణేలూ తూచి నోటుపుస్తకంలో రాసింది. అరుగుదల లెక్కలోకి తీసుకుంటే అన్నీ నిలిచాయి. ఒక్కటి తప్ప.

37వ నాణెం

ఆ ఒక్కటి వాటిలోది కాదు. అది 37వది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ, 1818 అని. రెండోవైపు రామపట్టాభిషేకం. ఇంట్లో అన్నిటికంటే విలువైనది అదేనని అందరి నమ్మకం. దాన్ని లక్షలకు కొంటానని ఒకడు ఫోను చేశాడు. ముందు రిజిస్ట్రేషను, పన్ను కింద 15,000 కట్టాలన్నాడు. కూతురి ఫీజు కోసం దాచిన డబ్బులోంచి ఆ మొత్తం పంపడానికి తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు. డబ్బా నా ముందు గుమ్మరించిన అసలు కారణం అది. ఆ మాట రెండో రోజు కానీ చెప్పలేదు.

కంపెనీ దేవుళ్ళ బొమ్మలు వేయలేదని కాదు. మద్రాసులో దాని వరహాల మీద విష్ణువు ఉన్నాడు. భక్తితో కాదు, దక్షిణాదిలో జనం ఆ వరహానే నమ్మేవారు కాబట్టి. కానీ ఈ రామపట్టాభిషేకం, హనుమంతుడు ఉన్న 1818 బిళ్ళలు కంపెనీ టంకశాలలో పుట్టినవి కావు. తర్వాతి కాలంలో ఎవరో తయారుచేసి అమ్మినవి. నీళ్ళ పరీక్షలో ఇత్తడి అని తేలింది.

పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. తమ పేరుతో ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని చెప్పింది. అయినా 786 నంబరు నోటు, వైష్ణోదేవి నాణెం, బియ్యం లాగే రాగి చెంబు, ఒకటి పోతే ఇంకోటి వస్తూనే ఉన్నాయి. వీటన్నిటిలో కిటుకు ఒకటే. విలువ వస్తువులో కనిపించని శక్తిగా ఉందంటారు, దాన్ని చూడగలిగినవాడు మాత్రం వాళ్ళ మనిషే అంటారు.

తమ్ముడు 15,000 పంపలేదు. 22 రూపాయిలను ముగ్గురు వ్యాపారుల దగ్గర విడివిడిగా ధర అడిగి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పకుండా, ఎక్కువ ఇచ్చినవాడికి అమ్మాడు. రామళ్ళకోట పద్ధతి. ఫీజుకు ఎంతో కొంత ఆసరా అయింది. పదింతలు రాలేదు. తాత సొంతూరి గుర్తు అని నిజాం రూపాయిలు ఉంచుకున్నాడు. సూరత్ రూపాయిలు మూడూ కూతురు తీసుకుంది. అమ్మదట. సరాఫు గాటున్నదంటే ఆ పిల్లకు మరీ ఇష్టం.

ఇత్తడి బిళ్ళ ఏమైందంటారా? మరదలు కడిగి దేవుడి గూట్లో పెట్టుకుంది. నేనేమీ అనలేదు. దాని ధర ఎంతో ఆమెకు ఇప్పుడు తెలుసు. తెలిసి పెట్టుకుంది.